చూపుకు తెరిచి, మాటకు మూసి

ఎత్తు ఎనిమిదడుగుల మూడంగుళాలు. చదరం మూడడుగులు. బరువు దాదాపు ఏడు క్వింటాళ్లు. పోత ఇనుముతో చేసిన ఒళ్లు, టేకు చెక్క తలుపు. మూడు ముఖాలకు అద్దాలు. ఒక్కో ముఖానికి ఎనిమిది వరసలు, వరసకు మూడు. ఆ మూడింట్లో నడిమిది వెడల్పు, పక్కవి రెండూ సన్నటి పట్టీలు. అద్దాల పైన పాలరంగు గాజు పలక, దాని మీద టెలిఫోన్ అన్న ఒక్క మాట, రాత్రిళ్లు వెనక నుంచి వెలుగుతుంది. ఆ పైన ఉబ్బెత్తు కిరీటం. అన్నిటికీ పైన నాలుగు వైపులకూ మెల్లగా వంగి దిగే కప్పు. బ్రిటన్ ఎర్ర టెలిఫోన్ డబ్బా అనగానే కళ్లముందు నిలిచేది ఇదే. దీని పేరు కె6. అయిదో జార్జి రాజు గద్దెనెక్కి పాతికేళ్లయిన 1935లో గీశారు, మరుసటి ఏడు నుంచి వీధుల్లో నిలబెట్టారు.

దీనికి ముందు 1924లో అదే శిల్పి గీసిన కె2లో అద్దాలన్నీ సమానం. అదీ అందమైనదే, కానీ లోపలి మనిషి గళ్ల వెనక ముక్కలుగా కనిపిస్తాడు. పదకొండేళ్ల తరవాత మళ్లీ గీసినప్పుడు నడిమి అద్దాన్ని విప్పాడు. ఇప్పుడు ముఖం చువ్వల వెనక చిక్కుకోదు. బయట వంతు కోసం నిలబడ్డవాడికి లోపలి మనిషి నిండుగా కనపడతాడు, మాట మాత్రం వినపడదు. పెదవులు కదులుతాయి, చెయ్యి తీగను మెలిపెడుతూ ఉంటుంది, కళ్లు నేల చూస్తాయి. ఏం మాట్లాడుకున్నారో ఆ మూడడుగుల చదరానికే తెలుసు. చూపుకు తెరిచి ఉంచడం, మాటకు మూసి ఉంచడం: టెలిఫోన్ డబ్బా కళంతా ఈ రెంటి మధ్య ఉన్న పలచటి గాజులో ఉంది. నడివీధిలో, పదిమంది ఎదుట, ఒక మనిషికి ఒంటరితనం అమర్చి ఇచ్చిన కట్టడం మానవచరిత్రలో ఇంకొకటి నాకు గుర్తురావడం లేదు.

ఆ శిల్పి పేరు సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్. ఇరవై రెండేళ్ల వయసులో లివర్‌పూల్ కెథీడ్రల్ పోటీ గెలిచినవాడు. మన రామగుండం వాళ్లకు ఆయనతో ఒక దూరపు చుట్టరికం ఉంది. థేమ్స్ ఒడ్డున నాలుగు పొగగొట్టాలతో నిలిచిన బాటర్‌సీ పవర్‌హౌసుకు బయటి రూపం ఇచ్చింది ఆయనే. అది బొగ్గు కరెంటు. 1983 అక్టోబర్ 31న అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. అదే 1983లో మన ఎన్‌టీపీసీలో మొదటి 200 మెగావాట్ల యూనిట్ మొదలైంది. అక్కడ ఒక బొగ్గుపొయ్యి ఆరిన ఏడాదే ఇక్కడ ఒకటి అంటుకుంది. థేమ్స్ ఒడ్డునే ఉన్న బ్యాంక్‌సైడ్ పవర్‌హౌసూ స్కాట్ చేతి పనే. అది 2000 సంవత్సరంలో టేట్ మోడర్న్ అనే చిత్రశాల అయింది. ఒకప్పుడు టర్బైన్లు తిరిగిన హాల్లో ఇప్పుడు పిల్లలు పడుకుని పైకప్పును చూస్తుంటారు. బాటర్‌సీ 2022లో మళ్లీ తలుపులు తెరిచింది. ఊరంత పొగగొట్టాన్ని ఊహించిన చేతికే, ఒక్క మనిషి నిలబడే గదికి ఎంత ఎత్తు చాలునో తెలిసి ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పెద్దవాటిని గీయగలవాళ్లు చాలామంది ఉంటారు. చిన్నదాన్ని గీసేటప్పుడు కూడా గౌరవం తగ్గించని వాళ్లు అరుదు.

ఇక ఆ కప్పు. వాన నీరు నిలవకుండా జారిపోవడానికి వంచిన కప్పు అని ఇంజనీరు అంటాడు, నిజమే. కానీ ఆ వంపు వచ్చిన చోటు వేరు. లండన్‌లో పాత సెయింట్ పాంక్రాస్ చర్చి ఆవరణలో ఒక సమాధి ఉంది. సర్ జాన్ సోన్ అనే వాస్తుశిల్పి, 1815లో భార్య చనిపోతే, ఆమె కోసం తానే గీసి కట్టించాడు. నాలుగు స్తంభాల మీద, నాలుగు వైపులా వంపు తిరిగిన చిన్న రాతి గొడుగు. సోన్ ఇంట్లో నడిచే మ్యూజియానికి స్కాట్ ధర్మకర్తల్లో ఒకరు. టెలిఫోన్ డబ్బా కప్పు ఆ సమాధి కప్పు నుంచే వచ్చిందని వాస్తు చరిత్రకారులు చెబుతారు, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఆ మాట ఒప్పుకోవాలనిపిస్తుంది. దూరమైన మనిషి మీద ఒక భర్త కప్పిన నీడ, నూరేళ్లు దాటాక దూరంగా ఉన్న మనుషులతో మాట్లాడుకునే వేలాది గదుల మీద కప్పుగా వచ్చి కూర్చుంది.

మన అలంకారికుల లెక్కలో చూస్తే టెలిఫోన్ డబ్బాకు స్థాయీభావం రతి, రసం విప్రలంభం. ఎడబాటు లేనిదే ఆ గదికి పని లేదు. దమయంతి దగ్గరికి హంసను పంపిన నలుడికీ, మేఘాన్ని బతిమాలిన యక్షుడికీ ఉన్న అవసరమే, చేతిలో చిల్లర పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషిదీ. ఒక్కటే తేడా. హంస వెళ్లి వచ్చేదాకా నలుడు ఎదురుచూడాలి. ఇక్కడ అవతలి గొంతు ఇప్పుడే, ఈ చెవిలోనే పలుకుతుంది, కానీ మనిషి రాడు. దగ్గరితనం, దూరం ఒకే క్షణంలో అనుభవానికి వస్తాయి. అందుకే ఫోన్ పెట్టేసిన వెంటనే ఎవరూ చటుక్కున బయటికి రారు. రిసీవరు కొక్కేనికి తగిలించి, ఒక్క ఊపిరి తీసుకుని, అప్పుడు తలుపు తోస్తారు. ఆ ఒక్క ఊపిరికి చోటిచ్చినందుకే నాకా డబ్బా మీద ఇంత ప్రేమ.

ఆ ఊపిరిని నేను చూసింది ఎర్ర డబ్బాల్లో కాదు, గోదావరిఖని చౌరస్తా దగ్గరి ఎస్‌టీడీ బూతుల్లో.

పసుపు రంగు బోర్డు, దాని మీద నల్లటి అక్షరాలు: ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ. దుకాణం లోపల ఒక మూలకు అల్యూమినియం చట్రంతో కట్టిన క్యాబిన్. నడుము దాకా ప్లైవుడ్, దాని మీద సన్‌మైకా, పైన గాజు. గాజుకు లోపలి వైపు ఎస్‌టీడీ కోడ్‌ల పట్టిక అంటించి ఉండేది, చివర్లు లేచిపోయి. ఒక ఎత్తు స్టూలు, గోడకు చిన్న బల్ల, దారంతో కట్టేసిన పెన్ను, నెత్తిన తిరిగే చిన్న ఫ్యాను. పెన్ను రాసినా రాయకపోయినా బల్ల నిండా నంబర్లు, పేర్లు, అర్థంలేని గీతలు. మాట్లాడుతున్నంతసేపు చెయ్యి ఊరుకోక గీసినవి. వాటిని ఎవరైనా ఫొటోలు తీసి దాచి ఉంటే ఖని మనసుకు అంతకన్నా మంచి పటం దొరికేది కాదు. బయట యజమాని బల్ల మీద ఎర్రటి అంకెలు వెలిగే మీటరు. లోపలి మనిషి తలుపు గాజులోంచి దాన్నే చూస్తూ మాట్లాడేవాడు. అంకె మారిన కొద్దీ మాట వేగం పెరిగేది. మాట అయ్యాక చిన్న ప్రింటరు గరగరమని కాగితపు పట్టీ కక్కేది: నంబరు, టైము, రూపాయలు, పైసలు.

ఈ క్యాబిన్‌ను గీసిన శిల్పి ఎవరూ లేరు. కిరీటం లేదు, కప్పుకు వంపు లేదు. వీధి చివరి అల్యూమినియం పనివాడు దుకాణం కొలతకు కోసి బిగించి పోయాడు. అయినా స్కాట్ నడిమి అద్దంతో సాధించినదాన్ని ఇతడు నడుము మీది గాజుతో సాధించాడు. కూర్చున్న మనిషి చేతులు, మోకాళ్లు ప్లైవుడ్ వెనక దాక్కుంటాయి, ముఖం వెలుతురులో ఉంటుంది. కొలతలు ఎవరూ నేర్పలేదు, అవసరం నేర్పింది. ఇంగ్లండ్‌లో ఒక రాజు జూబిలీకి పుట్టిన రూపం, ఇక్కడ బస్తీ పుట్టించుకుంది. రెండూ ఒక స్థాయి కళేనని నా తీర్పు.

ఈ బూతులు ఎలా వచ్చాయో తెలియని తరం వచ్చింది కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. 1960 నవంబర్‌లో లక్నో, కాన్పూర్ మధ్య మొదటిసారి ఆపరేటరు లేకుండా ఊరు దాటి నేరుగా డయల్ చేసే సదుపాయం, అంటే ఎస్‌టీడీ, వచ్చింది. అయినా ఆ తరవాత చాలా ఏళ్లు మామూలు మనిషికి ట్రంక్ కాల్ అంటే పోస్టాఫీసులో సగం రోజు. 1984లో సీ-డాట్ అనే టెలికాం పరిశోధన సంస్థ ఏర్పడింది. శామ్ పిట్రోడా చుట్టూ చేరిన ఆ ఇంజనీర్లు దుమ్ముకూ వేడికీ తట్టుకునే, ఏసీ అక్కర్లేని గ్రామీణ ఎక్స్‌ఛేంజీ చేశారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. ఇంటింటికీ ఫోన్ ఇచ్చే స్తోమత దేశానికి లేకపోతే, నడిచి వెళ్లేంత దూరంలో ఒక ఫోన్ ఉంటే చాలునన్న ఆలోచనే పసుపు బోర్డుగా వీధివీధికీ వచ్చింది. బూతు కేటాయింపుల్లో వికలాంగులకు ప్రాధాన్యం ఇచ్చారు. ఊరి మాటలన్నీ ఒక చక్రాల కుర్చీ పక్కనుంచి వెళ్లిన రోజులవి.

ఖనిలో ఆ బూతులకు ఇంకో లయ కలిసింది. రాత్రి పదకొండు దాటితే ఎస్‌టీడీకి పావు చార్జీ. రెండో షిఫ్టు దిగేదీ ఆ వేళకే. బొగ్గుబాయి నుంచి పైకొచ్చి, క్యాప్‌ల్యాంపు అప్పజెప్పి, స్నానం చేసినా కనురెప్పల అంచున కాటుకలా మిగిలిన బొగ్గుతో మనుషులు బూతు ముందు నిలబడేవాళ్లు. ఆ వేళకు ఊరంతా నిద్రపోతుంటే పసుపు బోర్డు కింద ట్యూబులైటు ఒక్కటే మెలకువగా ఉండేది. తలుపు సందులోంచి మొదటి మాట వినపడేది, ఎప్పుడూ ఒకటే. “అవ్వా, నేనే. డ్యూటీ దిగిన.” తలుపు మూసుకునేది. ఆ తరవాత గాజు మీద ఆవిరి, నవ్వు, తల ఊపడం. మళ్లీ తలుపు తెరుచుకునేటప్పుడు చివరి ముక్క: “పైసలు ముట్టినయా? బాపుకు చెప్పు, పండుగకు వస్త.”

డ్యూటీ దిగిన అన్న మాట బరువు బొగ్గుబాయి ఊళ్లలో పుట్టినవాళ్లకే తెలుస్తుంది. ఇవాళ్టికి బతికి బయటపడ్డాను అని దాని అర్థం, ఎవరూ అలా విప్పి చెప్పరు. 2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. ఆ ఊళ్లో రాత్రి పదకొండుకు మోగే ఫోన్ విలువ అది. అవతల పల్లెలో ఇంటి పక్కవాళ్ల పీపీ నంబరు దగ్గర నిద్ర ఆపుకుని కూర్చున్న తల్లికి, ఆ రెండు ముక్కల తరవాత వచ్చే మాటలన్నీ అదనం.

బాయి లోపలా ఫోన్ ఉంటుంది. అదీ టెలిఫోన్ డబ్బా వంశంలోదే కాబట్టి చెప్పకుండా వెళ్లలేను. పైనున్న డబ్బా గాజుతో మనిషిని కాపాడితే, లోపలి ఫోన్ ఇనుముతో గాలిని కాపాడుతుంది. మీథేన్ ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో పేలుడుకు 439 మంది గని కార్మికులు బలయ్యారు. గంట కొట్టే విద్యుత్ తీగల్లో పుట్టిన రవ్వ కారణం కావచ్చన్న అనుమానం నుంచి పరిశోధనలు సాగాయి. ఏ లోపం వచ్చినా వాయువును అంటించలేనంత తక్కువ శక్తితో నడిచే పరికరాల సిద్ధాంతం అలా రూపు దిద్దుకుంది. ఇవాళ ప్రపంచంలో ఏ బొగ్గుగనిలో ఫోన్ ఎత్తినా ఆ చనిపోయినవాళ్ల ఋణం అందులో ఉంటుంది. బరువైన పెట్టె, మందపాటి మూత. బొగ్గు తొట్లను లాగే హాలర్ దగ్గర మాటకు బదులు గంటే, ఒక్కసారి మోగితే ఆపు అని. ఆ నలుపులో గొంతు పొదుపుగా వాడుకోవాల్సిన వస్తువు. అలంకారం ఒక్కటీ లేని ఆ పెట్టె ముందు నిలబడితే, మాట ఎంత విలువైనదో గుర్తొచ్చి వీపు నిటారవుతుంది.

సెల్‌ఫోన్ వచ్చాక పసుపు బోర్డులు ఒక్కొక్కటే వెలిసిపోయాయి. తొంభైల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి ఉద్యోగులు ఇవాళ 40 వేల దగ్గర ఉన్నారు. రాత్రి పదకొండు వరసలూ అలాగే పలచబడ్డాయి. కొన్ని బూతులు జిరాక్సు సెంటర్లయ్యాయి, కొన్ని రీచార్జి దుకాణాలయ్యాయి. క్యాబిన్‌లో పాత కాగితాల అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి, స్టూలు బయట వేసుకుని కూర్చుంటారు. అల్యూమినియం చట్రానికి పాత సామాను వాడు కిలోల లెక్కన ధర కడతాడు. గాజుకు అదీ లేదు.

బ్రిటన్‌లోనూ ఇదే జరగబోయింది. జరగనివ్వలేదు. 2008లో బ్రిటిష్ టెలికాం సంస్థ ఒక పథకం పెట్టింది: వాడకంలో లేని డబ్బాను ఏ ఊరి పంచాయతీ అయినా ఒక్క పౌండుకు కొనుక్కోవచ్చు, ఫోన్ తీసేస్తాం, డబ్బా మీది. ఏడు వేలకు పైగా డబ్బాలను ఊళ్లు అలా దత్తత తీసుకున్నాయి. సోమర్‌సెట్‌లో వెస్ట్‌బరీ సబ్ మెండిప్ అనే పల్లెకు వచ్చే సంచార గ్రంథాలయం ఆగిపోతే, 2009లో ఆ ఊరివాళ్లు ఎర్ర డబ్బా కొని లోపల అరలు కొట్టి తమ పుస్తకాలు తెచ్చి పెట్టారు. ఒకటి తీసుకో, ఒకటి పెట్టు. చాలా ఊళ్లు ఆ దారి పట్టాయి. ఇంకొన్ని ఊళ్లలో గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్లు పెట్టారు.

బాగుచేసే పని దానికదే చూడదగ్గది. ముందు రంగు పొరలు గీకుతారు. పొర కింద పొర, ఒక్కో దశాబ్దపు ఎరుపు ఒక్కో రకంగా వెలిసి ఉంటుంది. అడుగున పోత ఇనుము బూడిద రంగు ఒళ్లు బయటపడుతుంది, తుప్పు తిన్న చోట గుంటలు. తలుపు టేకు చెక్కను విప్పి, కుళ్లిన ముక్క వరకే కోసి కొత్తది అతుకుతారు. పగిలిన అద్దాలు, అంచు పట్టీలు మారుస్తారు. తరవాత ప్రైమరు, దాని మీద ఎరుపు. ఏ ఎరుపైనా కుదరదు, బ్రిటిష్ ప్రమాణాల పట్టికలో 539 నంబరు ఎరుపే కావాలి. చివర్లో సన్నటి కుంచెతో కిరీటానికి బంగారు రంగు. స్కాట్ అయితే ఎరుపే వద్దన్నాడు. వెండి రంగు బయట, లోపల ఆకుపచ్చ కలిసిన నీలం వెయ్యమన్నాడు. పోస్టాఫీసు వాళ్లు దూరానికి కనపడాలని ఎరుపు పట్టుబట్టారు. ఈ ఒక్క విషయంలో కళాకారుడి కన్నా గుమాస్తా చూపు మంచిదైంది. పచ్చటి పల్లె మీద, మంచులో, ముసురులో ఆ ఎరుపును చూస్తే సహాయం అక్కడుందని పిలిచినట్టే ఉంటుంది.

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. పాత వస్తువుకు కొత్త పని అప్పజెప్పేటప్పుడు నాకు అంతకన్నా మంచి గీటురాయి కనపడదు. ఎర్ర డబ్బా గోడకు కిటికీ పెట్టి అందులోంచి కాఫీ అమ్మడం నాకు రుచించదు. మనిషి బయటే నిలబడతాడు, లోపల సామాను ఉంటుంది. గది గది కాకుండా పోయింది. పుస్తకాల డబ్బా నయం. మనిషి లోపలికి వెళ్తాడు, తలుపు వెనక మూసుకుంటుంది, వెన్నులు తడుముతూ ఎవరో తెలియని ఊరివాడి అభిరుచితో మౌనంగా మాట్లాడతాడు. చూపుకు తెరిచి, మాటకు మూసిన గుణం బతికే ఉంది. డీఫిబ్రిలేటరు ఇంకో దారిలో ఔచిత్యం సాధించింది. కె6 వీధుల్లోకి వచ్చిన మరుసటి ఏడాది, 1937 జూన్ 30న, లండన్‌లో 999 అత్యవసర నంబరు మొదలైంది. ప్రాణం మీదికొస్తే పరుగెత్తి చేరే చోటు ఆ డబ్బా. ఇవాళా ప్రాణం మీదికొస్తే అక్కడికే పరుగెత్తుతారు. లోపలి యంత్రం మారింది, పరుగు మారలేదు.

వీటన్నిటి కన్నా ఎత్తున నిలిచే డబ్బా జపాన్‌లో ఉంది. ఒత్సుచి అనే సముద్రతీర పట్టణం. 2010లో ఇతారు ససాకి అనే తోటపని మనిషి, క్యాన్సర్‌తో పోయిన దాయాది కోసం తన తోటలో ఒక తెల్లటి గాజు డబ్బా నిలబెట్టాడు. లోపల నల్లటి పాతకాలపు డయల్ ఫోన్. తీగ ఎక్కడికీ వెళ్లదు. పోయినవాడితో మాట్లాడాలనిపించినప్పుడు లోపలికి వెళ్లి, డయల్ తిప్పి, గాలికి చెప్పుకునేవాడు. దాని పేరే గాలి ఫోన్. మరుసటి ఏడాది మార్చి 11న సునామీ వచ్చింది. ఒత్సుచి జనాభాలో దాదాపు పదో వంతు కొట్టుకుపోయింది. ససాకి ఆ డబ్బాను అందరికీ తెరిచాడు. ఇప్పటికి వేలమంది ఆ కొండెక్కి వచ్చారు. తలుపు తీస్తారు, రిసీవరు ఎత్తుతారు, తమ పాత ఇంటి నంబరు తిప్పుతారు. కొందరు మాట్లాడలేక అలాగే నిలబడతారు. కొందరు పిల్లల చదువులు, ఇంటి సంగతులు చెబుతారు. బయట పసిఫిక్ సముద్రం, గడ్డి, గాలి.

దీన్ని తలుచుకున్నప్పుడల్లా టెలిఫోన్ డబ్బా తన అసలు గమ్యానికి చేరిందనిపిస్తుంది. ఫోన్ వ్యవస్థ మొత్తం తీసేశాక కూడా ఆ గదిలో ఏదో మిగిలి ఉందని, ఆ మిగిలినదే దాని సారమని ససాకి చూపించాడు. జవాబు రాదని తెలిసే మాట్లాడతారు, అయినా ఆ మాట వృథా పోదు. తీగ లేదు, మీటరు లేదు, అవతల మనిషీ లేడు; నాలుగు గాజు గోడలు, ఎత్తి చెవికి పెట్టుకోవడానికి బరువైన ఒక వస్తువు మాత్రం ఉన్నాయి. విప్రలంభం కరుణలోకి దాటే గీత ఎక్కడో అలంకారశాస్త్రాల్లో చదువుకున్నాం. ఒత్సుచి కొండ మీద ఆ గీత మీదే ఒక తలుపు పెట్టారు. ఆ ఎర్ర డబ్బా కప్పు ఒక సమాధి నుంచి రావడం, ఈ తెల్ల డబ్బా పోయినవాళ్ల కోసం తెరుచుకోవడం, రెండు దేశాల మధ్య ఎవరూ కూడబలుక్కోని పని. గొప్ప రూపాలు తమ మొదటి దుఃఖాన్ని ఎక్కడికి వెళ్లినా వెతుక్కుంటాయని నా నమ్మకం.

మన దగ్గర పీసీఓ జ్ఞాపకం ప్రభుత్వ కాగితాల్లోకి మళ్లీ వచ్చింది. 2020 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. చిన్న దుకాణాలే వైఫై పంచే పబ్లిక్ డేటా ఆఫీసులవుతాయి. ఆలోచన మంచిదే, పాత పసుపు బోర్డు మనుమడే అది. కానీ అందులో గది లేదు. ఇవాళ మనకు సిగ్నల్ కొరత లేదు, గది కొరత ఉంది. సింగరేణి క్వార్టర్లో ఉన్న గదుల్లోనే అమ్మానాన్న, పిల్లలు, టీవీ. అద్దె ఇళ్లలో కాంట్రాక్టు కార్మికులు నలుగురైదుగురు ఒకేచోట. ఫోన్ అందరి చేతుల్లో ఉంది, ఒంటరిగా మాట్లాడుకునే జాగా లేదు. భార్యతో పోట్లాడాలన్నా, అప్పు సంగతి అన్నకు చెప్పాలన్నా, ఏడవాలన్నా రోడ్డెక్కాలి. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలు. పరీక్ష తప్పిన పిల్లాడు, ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషి ఎక్కడికి వెళ్లి నోరు విప్పాలి? పీసీఓ క్యాబిన్ ఈ ప్రశ్నకు ఒకప్పుడు జవాబిచ్చింది. ఇప్పుడూ ఇవ్వగలదు.

2022 అక్టోబర్ 10న దేశంలో టెలీ-మానస్ మొదలైంది. 14416 నంబరు. డబ్బులు పడవు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మనసు బాగాలేనివాళ్లు మాట్లాడటానికి పెట్టిన నంబరు అది. ఆడవాళ్ల సాయానికి 181 ఉంది. నంబర్లున్నాయి, తలుపు వేసుకుని ఆ నంబర్లు నొక్కే చోటు కావాలి. చౌరస్తా దగ్గరో, బస్టాండులోనో, ఏరియా ఆసుపత్రి ఆవరణలోనో ఒక పాత ఎస్‌టీడీ క్యాబిన్‌ను బాగుచేసి నిలబెట్టమంటాను. అల్యూమినియం తోమాలి, ప్లైవుడ్ మార్చాలి, గాజు అదే ఉంచాలి. ఆ బల్ల మీది గీతలు చెరపొద్దు. స్టూలు, చిన్న ఫ్యాను, గోడకు బిగించిన ఒక ఫోన్. ఎత్తగానే ఈ రెండు నంబర్లకే వెళ్లాలి. పైన పసుపు బోర్డు అలాగే ఉండాలి, దూరానికి తెలియాలి కదా. అయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ పండగ ఖర్చు మించదు.

మూలపడ్డదాన్ని మళ్లీ లేపడం ఖనికి కొత్త పని కాదు. 1999లో మూతపడ్డ ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం స్థలంలో ఆర్‌ఎఫ్‌సీఎల్ అనే కొత్త సంస్థ 2021లో యూరియా తీయడం చూసిన ఊరు ఇది. అంత పెద్దదాన్ని లేపగలిగినచోట మూడడుగుల క్యాబిన్ ఎంత?

కాబట్టి గోదావరిఖని, ఎన్‌టీపీసీ, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ వైపు జిరాక్సు, రీచార్జి దుకాణాలు నడుపుతున్న అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ దుకాణం మూలన ఆ క్యాబిన్ ఇంకా ఉంటే, అట్టపెట్టెలు బయటికి తీసి ఒకసారి లోపల నిలబడి తలుపు వేసి చూడండి. పాత సామాను వాడు వచ్చినప్పుడు తూకానికి ఇచ్చేయకండి. కార్పొరేషన్‌నో, మీ కాలనీ సంఘాన్నో, సింగరేణి ఏరియా ఆఫీసునో పిలిచి, దీన్ని ఊరికి ఇస్తున్నా, మంచిచోట పెట్టండి అని చెప్పండి. ఈలోగా ఎవరికైనా మాట్లాడాల్సి వస్తే ఆ తలుపు వాళ్లకోసం తెరిచి ఉంచండి.